గడప అవతలి పెట్టె

సోమవారం, కొర్రలు నానబెట్టాక

ఈ రోజు కూడా ఇంటి నెట్ లైను మధ్యాహ్నమే తెగింది. ఎవరూ బయటికి రావద్దని సైరను ఎండ కూత కూసింది, మూడో అంతస్తు వీధి తలుపులన్నీ మూతపడ్డాయి, నేను అత్తకు అన్నం పెట్టి చేయి కడుక్కుంటున్నాను. అంతలో అత్త గదిలో గాలి తలుపు గరగరమంటూ దిగిపోయింది. ఒక వేలి సందు మిగిలింది. గోడ మీద రౌటరు దీపం ఎర్రబడింది.

అత్త చేతికి ఒక పట్టీ ఉంది. అది ఆమె ఊపిరి లెక్కపెట్టి లైను మీద గాలి ఇంటికి చెబుతుంది. గని అడుగు నుంచి వచ్చే చల్లగాలిలో మా గదికి ఎంత కావాలో చూసి గాలి ఇల్లు వదులుతుంది. లెక్క అందకపోతే గదిలో ఎవరూ లేరనుకుంటుంది. అత్త మంచం మీద కూర్చుని రొప్పుతూనే ఉంటుంది. వాళ్ళకు మాత్రం ఆ గది ఖాళీ.

నేను తడిగుడ్డ ఆమె మెడ మీద వేసి విసనకర్ర అందుకున్నాను.

"ఆ గాలోళ్ళు నేను పోయినాననుకుంటాండారా ఏంది?" అంది అత్త.

"లైను తెగిందత్తా. మనిషి లేదనుకుంటారు."

"లైను తెగితే నేను తెగినట్లా?"

మాట్లాడగలిగిందంటే పరవాలేదని విసురుతూ కూర్చున్నాను. ఎండ వాలాక దీపం దానంతటదే పచ్చబడింది, గాలి తలుపు పైకి లేచింది. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఇదే వరస.

సాయంత్రం నా టాబ్లెట్ పలకలోకి గాలి ఇంటి నోటీసు వచ్చింది. ఇంటి లైను నిలకడగా లేనందున రోగిని ఆదివారం అడుగు వార్డుకు మారుస్తారట. అడుగు వార్డు ఏడో అంతస్తులో, గని అట్టడుగున ఉంది. అక్కడ చల్లగాలి ఎప్పుడూ ఉంటుంది. వెలుగు బావి మాత్రం అంత లోతుకు దిగదు.

నోటీసు చదివి వినిపించాను. అత్త పేరు ఓబుళమ్మ. పేరులోని కొండదేవుడికి తగ్గట్టే, కొండ మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది.

"నేను పోను. ఆడ పగలు లేదు, రాత్రి లేదు. నా ఎండ నాకుండల్ల."

ఆమె ఎండ అంటే మా వెనక గోడ మీద మధ్యాహ్నం పడే వెలుగు. మా ఇల్లు వెలుగు బావికి పడమటి పక్కన ఉంది. ఈ నాపరాయి గనిని పేటగా మార్చినప్పుడు పై నేల నుంచి అయిదో అంతస్తు దాకా తవ్విన బావి అది. పొద్దున కాసేపు తప్ప మా వైపు ఎండ రాదు. ఈ ఏడాది మాత్రం మధ్యాహ్నాలు, అద్దం బిగించిన వెంటిలేటరులోంచి చాప వెడల్పు వెలుగు లోపలికి వచ్చి పడుతోంది. అత్త మంచం అందులోకి జరిపించుకుని మోకాళ్ళు కాచుకుంటుంది. సూర్యుడు ఈ ఏడు మన పక్కకు జరిగినాడు అంటుంది. ఊరికే వచ్చే ఎండ కదా, ఎందుకొస్తోందని నేనూ అడగలేదు.

రాత్రి వంటకు ముందు అత్తకు దగ్గు వచ్చింది. నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి, "కరక్కాయ ఎంతసేపు నానల్లో అడిగి రాపో" అంది.

ఎవరిని అడగాలో చెప్పదు. బావికి అవతలి ఒడ్డున, మా ఎదురుగానే ఉంటుంది లింగమ్మ. అత్తకు సొంత వదిన, అన్న పెండ్లాం. నేను పెద్దమ్మా అంటాను. బావి తిన్నె మీద ఎండ పడే జాగాలో వడియాలు ఎవరు పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఆరేండ్లయింది మాటలు లేక. అయినా ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడుతూనే ఉంటుంది. ఆ పని నా మీదుగా నడుస్తుంది.

"పెద్దమ్మా, నాకు దగ్గు. కరక్కాయ ఎంతసేపు నానబెట్టల్ల?"

లింగమ్మ నన్ను కింద నుంచి పైకి చూసింది. "ఒక జాము. తేనె మర్చిపోవద్దు. ఈ దగ్గు నీకు ఆరేండ్ల నుంచి ఉండాది గదే చౌడీ, ఎప్పుడు తగ్గుతాదో ఏమో."

"తగ్గుతాదిలే పెద్దమ్మా."

"ఆయాసం కూడా ఉండాదా?"

"ఉండాది."

"పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకో" అని లోపలికి పోయింది. నేను వచ్చి అత్త తల కింద రెండో దిండు పెట్టాను. ఎవరు చెప్పారని అత్త అడగలేదు.

మంగళవారం, నీటి వంతు పట్టుకున్నాక

మొదటి అంతస్తులో లైను ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ నరహరి అనే అతను ఉంటాడు. వయసులో నాకంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. మా ఇంటి నెంబరు కొట్టి చూసి, "అక్కా, మా తీగ మీ గోడ దాకా బాగుండాది. ఆడి నుంచి మీదే" అన్నాడు.

"బయటి గోడ మీద మోడెం కూడా మీదే గదప్పా. ఇనప బోనులో పెట్టి సీలు వేసింది మీరే."

"మాదే. దాన్ని తెరవల్లంటే పై ఆఫీసు మనిషి రావల్ల. మీ వంతు వచ్చే నెల."

"ఆదివారం మా అత్తను ఎత్తుకుపోతామంటాండారు."

అతను కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. దారి ఒకటే ఉందన్నాడు. మోడెంకు తన సొంత పేజీ ఉంటుంది. సంకేతం ఎంత వస్తోంది, లైను ఎందుకు తెగింది, అన్నీ అందులో రాసుకుంటుంది. ఆ పేజీ నేను చూపిస్తే తప్పు ఇంటిది కాదని అతను గాలి ఇంటికి రాసిస్తాడు.

"చూసేదానికి తాళం గీళం కావల్నా?"

"చూసేదానికి వద్దు, మార్చేదానికే. అసలు చిక్కు అది కాదక్కా. మీ మోడెం బ్రిడ్జిలో ఉండాది. అంటే అది ఈ పక్కది ఆ పక్కకి దాటిస్తాది, అంతే. పేర్లు, తాళాలు, ఎవురిని రానియ్యల్ల, ఎవురిని ఆపల్ల, అంతా ఇంట్లో ఉండే రౌటరు చూసుకుంటాది. మోడెం నోరు మెదపదు."

"నోరు లేదా, ఎవురూ అడగడం లేదా?"

నరహరి నవ్వాడు. ఒక చీటీ మీద 192.168.100.1 అని రాసిచ్చాడు. "ఇదీ దాని ఇంటి నెంబరు. మీ ఇంట్లో నెంబర్లు వేరే వీధివి, 192.168.1 తో మొదలయ్యేవి. తన వీధిది కాని నెంబరు ఏదొచ్చినా మీ రౌటరు డయలు లైను మీద మా ఆఫీసుకు తోసేస్తాది. మాకు అట్లాంటి ఇల్లు తెలీదు. పారేస్తాం. వాకిట్లో నిలబడిన మనిషికి ఉత్తరం రాసి పోస్టులో ఏసినట్లు."

"అయితే వాకిట్లోనే చెవిలో చెప్పే దారి ఉండల్ల గదా?"

"రౌటరు బయటి పక్కకు ఆ వీధి నెంబరు ఇంకోటి తగిలిస్తే పోతాదంటారు. నేను చేసింది లేదక్కా."

చీటీ కొంగున ముడేసుకుని మెట్లు దిగాను. ఉండే పేజీయే, కొత్తగా ఏమీ పుట్టించనక్కర్లేదు. అక్కడికి పోవాలి, అంతే. ఈ ఇంట్లో ఎవరూ పోని చోటికి పోయి రావడం నాకు కొత్త కాదు.

బుధవారం, రొట్టెలు కాల్చాక

రెండు తప్పులు చేశాను. మళ్ళీ చేయకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

మొదటిది. రౌటరును ఎందుకు కదిలించాలి, నా పలకనే ఆ వీధి మనిషిగా మారుద్దాం అనుకున్నాను. పలక నెంబరు తీసేసి 192.168.100.5 ఇచ్చాను. పలక మూగబోయింది. మోడెం పలకలేదు, మా ఇంటి రౌటరు కూడా పలకలేదు. ఇంటి మనిషి పరాయి వీధి పేరు చెప్పుకుంటే సొంత గడపే లోపలికి రానివ్వలేదు. ఆ గొడవలో సాయంత్రపు నీటి వంతుకు పేరు పంపడం తప్పిపోయింది. పక్కింట్లో బిందెడు అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. నెంబరు మళ్ళీ పాతది పెట్టాను.

రెండోది ఇంకా మేలైనది. నరహరి చెప్పినట్టే రౌటరు బయటి పక్కకు ఇంకో నెంబరు తగిలించాను. మా పేటలో ఇంటికీ ఆ ఇంటి గడపకూ ఒకటే నెంబరు రాస్తారు. రాతిలో చెక్కి, పెండ్లయి వచ్చిన కోడలి చేత దానికి పసుపు పూయిస్తారు. ఆ అలవాటే చేతికొచ్చింది. మోడెం గడపకు మోడెం నెంబరే కదా అని రౌటరుకు కూడా 192.168.100.1 ఇచ్చేశాను.

పలకలో ఆ నెంబరు కొట్టగానే పేజీ తెరుచుకుంది.

నా భర్త మద్దిలేటి అప్పుడే నిద్ర లేచి మొహం కడుక్కుంటున్నాడు. రాత్రంతా పై నేల మీద సూర్యఫలకాలు తుడిచి వస్తాడు, పగలు పడుకుంటాడు. చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పేజీ పైన రాసిన పేరు చదివాడు.

"ఇది మన రౌటరు పేరే కదే."

చూశాను. మా రౌటరు పేరే. నిన్నటి దాకా నేను తెరుస్తున్న పేజీయే.

"అద్దంలో నీ మొకం నువ్వే చూసుకుని, బాగుండావా అని పలకరించినట్లుంది" అన్నాడు.

"నవ్వుకో. రొట్టె మాత్రం చల్లగా అయిపోతాంది."

ఒక వీధిలో రెండిళ్ళకు ఒకటే నెంబరు ఉండకూడదు. మోడెంకు 1 అయితే, దాని ఎదుట నిలబడే నా రౌటరుకు 2 కావాలి. రేపు అదే చేస్తాను.

ఈ మధ్యాహ్నం కూడా లైను తెగింది. అత్త పెదవులు కాస్త నల్లబడ్డాయి. విసరడం ఆపలేదు.

గురువారం, వెలుగు బావి తిన్నె ఊడ్చాక

ఈ రోజు లైను తెగలేదు.

ఎండ కూత కూయగానే విసనకర్ర, తడిగుడ్డ పట్టుకుని మంచం పక్కన సిద్ధంగా కూర్చున్నాను. గాలి తలుపు కదల్లేదు. దీపం పచ్చగానే ఉంది. అత్త ఊపిరి నిమ్మళంగా ఉంది, కోపం మాత్రం లేదు అనలేను.

"నా ఎండ రాలేదే ఈ పొద్దు?"

వెనక గోడ ఖాళీగా ఉంది. "పైన మబ్బేమో అత్తా."

"మబ్బా? మబ్బు చూసి ఎన్నేండ్లయింది మనం?"

విసనకర్ర పక్కన పెట్టి లేచాను. ఎదురింటి తలుపు కూడా పొద్దుటి నుంచి వేసే ఉంది. లింగమ్మ అయిదో అంతస్తులో మనవరాలిని తొట్లెలో వేస్తున్నారని పోయింది. ఆ మాట అత్తకు చెప్పాను. వినపడనట్టు గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "ఆడపిల్లా?" అంది.

"ఆడపిల్లే."

"వాళ్ళ నాయిన ముక్కు రాకుండా ఉంటే చాలు."

తీరిక దొరికింది కాబట్టి రౌటరు పని పట్టుకున్నాను. బయటి పక్కకు రెండు పేర్లు కనిపించాయి. ఒకటి తీగ దిగే రంధ్రం. రెండోది ఆ రంధ్రం గుండా ఆఫీసుకు పోయే డయలు లైను. డయలుకు తగిలిస్తే మళ్ళీ ఆఫీసుకే పోతుంది. అందుకని రంధ్రానికి తగిలించాను, 192.168.100.2. రౌటరులో పిలిచి చూసే పరీక్ష ఒకటి ఉంది. దానితో మోడెంను పిలిచాను. కన్ను మూసి తెరిచేలోపల జవాబు వచ్చింది. పెట్టె బతికే ఉంది. వాకిట్లోనే ఉంది. పలుకుతోంది.

పలక తెచ్చి అదే నెంబరు కొట్టాను. తెల్లటి తెర. ఎంతసేపైనా అంతే.

రౌటరు పిలిస్తే పలుకుతుంది. నేను పిలిస్తే పలకదు. దారి లేకపోవడం కాదు. ఉన్న దారినే నా పిలుపు కూడా పోతోంది. మరి ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు. సగం పనయింది. మిగిలిన సగం రేపు.

శుక్రవారం, పేజీ తెరుచుకున్నాక

పొద్దున అత్తకు దగ్గు ఎక్కువైంది. "కరక్కాయతో తగ్గలేదు, మిరియాలు వేయచ్చునా అడుగు" అంది. లింగమ్మ రాత్రే వచ్చేసింది. నా తలలో రౌటరు తిరుగుతోంది. ఆ పరధ్యానంలో బావి చుట్టూ నడిచి పోయి, ఎన్నడూ అననిది అనేశాను.

"పెద్దమ్మా, మిరియాలు వేయచ్చునా అని అత్త అడగమంది."

లింగమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. చేతులు ఆగాయి. "ఏ అత్త?"

"మా అత్త."

"ఆమె ఎవురో నాకు తెలీదు" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. పొట్టు నా కాళ్ళ మీదికి ఎగిరింది.

అక్కడే నిలబడిపోయాను. తప్పు దిద్దుకుందామని నోరు తెరిచి, మోడెం గుర్తొచ్చి మూశాను.

నా పలక అడిగిన ప్రశ్న మోడెం దాకా పోతూనే ఉంది. దాని మీద ఉన్న పేరు మాత్రం నా పలకది, 192.168.1 వీధిది. మోడెంకు ఆ వీధి తెలియదు. జవాబు ఎటు పంపాలో తెలియక నోరు మూసుకుంటోంది. ఎదుట నిలబడిన రౌటరు తన పేరు మీద అడిగితే మాత్రం చెబుతుంది. అంటే రౌటరు నా ప్రశ్నను తన ప్రశ్నగా మార్చుకుని అడగాలి. జవాబు రాగానే ఎవరడిగారో గుర్తు పెట్టుకుని నాకు తెచ్చివ్వాలి. ఇన్నేండ్లుగా ఈ రెండిళ్ళ మధ్య నేను చేస్తున్నది అదే.

"పెద్దమ్మా, దగ్గు నాకే" అన్నాను.

"అట్ల చెప్పు మరి. మిరియాలు మూడు. నాలుగు వేస్తే కడుపులో మంట."

ఇంటికి వచ్చి మిరియాలు దంచి ఇచ్చి, రౌటరు ముందు కూర్చున్నాను. వెతికితే ఆ నియమం అందులోనే ఉంది. ఇంట్లోంచి ఆ రంధ్రం గుండా మోడెం వీధికి పోయే ప్రశ్నలన్నీ రౌటరు పేరు మీదికి మార్చమని పెట్టాను. పలకలో నెంబరు కొట్టాను.

తెరుచుకుంది. పైన పేరు చదివాను, రెండుసార్లు. మా రౌటరుది కాదు.

అలంకారమేమీ లేని పేజీ. సంకేతం బాగుంది. తీగ బాగుంది. కింద పెట్టె లోపలి వేడి ఉంది, గడిచిన రోజుల గీత కూడా ఉంది. ఆ గీత ప్రతి మధ్యాహ్నం కొండలా లేచి, కొన మీద తెగి, సాయంత్రానికి దిగుతోంది. తెగిన ప్రతిచోటా ఒకటే కారణం. వేడి ఎక్కువై ఆగినది.

సోమవారం కొండ. మంగళవారం, బుధవారం కొండలే. గురువారం చదును నేల.

గురువారం అత్తకు ఎండ రాలేదు. గురువారం ఎదురింట్లో మనిషి లేదు.

నేను అనుకున్నది నిజమో కాదో కళ్ళతో చూడాలి. ఈ మధ్యాహ్నం అత్త పక్కన విసనకర్రతో కూర్చున్నాను కాబట్టి చూడలేకపోయాను.

శనివారం, అత్త అన్నం తిననని పడుకున్నాక

పొద్దున్నే పేజీని పలకలో దాచుకుని తీసుకుపోయి నరహరికి చూపించాను. అతను గీతను వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ఎట్ల తెరిచినావక్కా దీన్ని?"

చెప్పాను. అతను రాసుకున్నాడు. "తప్పు ఇంటిది కాదని ఇప్పుడే రాసిస్తా. కానీ అక్కా, నిజం చెప్తా. గాలోళ్ళు కాగితం చూసి ఊరుకోరు. రేపు వాళ్ళొచ్చేసరికి లైను నిలబడల్ల. అయినా పడమటి గోడ మీద మధ్యాహ్నం ఎండ పడదు గదా, ఇంత వేడి యాడ నుంచి?"

"రేపటికి చెప్తా" అన్నాను.

ఈ మధ్యాహ్నం మద్దిలేటిని నిద్ర లేపి తల్లి దగ్గర కూర్చోబెట్టాను. ఎండ కూత తర్వాత వీధి తలుపు తీయకూడదు. నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి చూశాను.

లింగమ్మ తన తిన్నె మీద కూర్చుని ఉంది. తల మీద తడిగుడ్డ. ఒళ్ళో అద్దంలా తోమిన, తలుపంత స్టీలు రేకు. దాన్ని మోకాళ్ళకు ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, సూర్యుడు జరిగే కొద్దీ రేకును కొంచెం కొంచెంగా తిప్పుతోంది. అందులోంచి లేచిన వెలుగు బావి దాటి మా వెంటిలేటరు మీద పడుతోంది. వెలుగు కింది అంచు వెంటిలేటరు కింద ఉన్న మోడెం బోనును నిండా కప్పేసింది.

నేను చూస్తుండగానే ఒక చేయి విడిచి, గుడ్డ పిండి మళ్ళీ తల మీద వేసుకుంది. నా వెనక గాలి తలుపు గరగరమంటూ దిగింది.

లైను తిరిగొచ్చాక అత్తకు చెప్పాను. దాచి నా పేరు మీద చక్కబెట్టుకునే సంగతి కాదిది.

అత్త గోడ వైపు తిరిగింది. వెలుగు అప్పటికి పోయింది.

"ఎప్పటి నుంచి?"

"ఈ ఎండాకాలమంతా."

"ఆ ఎండలోనా?"

"తల మీద తడిగుడ్డ ఏసుకుని."

"దానికి మొదటి నుంచీ బుద్ధి లేదు" అంది అత్త. ఆ తర్వాత కొంగు మొహం మీదికి లాక్కుంది.

మంచం పక్కన కూర్చున్నాను. "రేకు తీసెయ్యమంటే లైను నిలబడతాది. నీ ఎండ పోతాది. జానెడు పైకెత్తమంటే పెట్టె మీద పడదు, కొంచెం ఎండ మిగులుతాది. నేను పోయి నా మాటగా అడిగొస్తా."

"నువ్వుండు."

"పొద్దుపోతే రేపటికి..."

"ఉండమన్నానా. ఇది నీ మాటగా అడిగేది కాదు."

అన్నం తినలేదు. రేపు అడుగుతుందో లేదో నాకు తెలియదు. ఆరేండ్లలో ఎదురింటి వైపు తిరిగి ఒక్క మాట అనని మనిషి.

ఆదివారం, అందరూ వెళ్ళాక

వార్డు వాళ్ళు ఇద్దరు, చక్రాల కుర్చీతో ఎండ కూతకు ముందే వచ్చారు. వెనకే నరహరి వచ్చాడు. లైను ఈ పూట నిలబడితే కుర్చీ ఖాళీగా పోతుంది, తెగితే అత్తతో పోతుంది. అంతవరకు వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పక్క గదిలో కూర్చోబెట్టాను. పలక ఒళ్ళో పెట్టుకుని నేను మంచం పక్కన కూర్చున్నాను. మోడెం పేజీ తెరిచే ఉంది.

కూత అయింది. వెలుగు వచ్చి గోడ మీద చాపలా పరుచుకుంది. వేడి అంకె లేవడం మొదలుపెట్టింది. డెబ్భై. డెబ్భై ఆరు. అత్త మోకాళ్ళు వెలుగులో పెట్టలేదు. దాన్నే చూస్తోంది.

"ఎనభై దాటింది అత్తా. తొంభైకి ఆగిపోతాది."

"మద్దిలేటీ, ఆ అద్దం తీయి" అంది అత్త.

మద్దిలేటి స్టూలెక్కి వెంటిలేటరు అద్దం తీశాడు. సెగ గుప్పున లోపలికి కొట్టింది. అత్త గోడ పట్టుకుని లేచి నిలబడింది. నేను పట్టుకోబోతే చేయి విదిలించింది.

"వదినా."

గోడ మీద వెలుగు ఒక్కసారి వణికింది.

"లింగమ్మొదినా. రేకు ఒక జానెడు పైకెత్తు. కింద పెట్టె కాలిపోతాంది."

అంకె ఎనభై ఆరు. వార్డు వాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బావి అవతలి నుంచి గొంతు వచ్చింది.

"ఏ పెట్టె?"

"లైను పెట్టె. అది ఆగితే నాకు గాలి ఆగుతాది. నన్ను అడుగుకి ఎత్తుకుపోను కుర్చీ తెచ్చుకుని కూచున్నారు ఈడ."

"కుర్చీనా? ఎవురికి చెప్పి తెచ్చినారు?" లింగమ్మ గొంతు లేచింది. "నేను ఎవురి కోసరం కూచున్నా ఈడ మాడుకుంటా?"

"నాకేం తెలుసు? చెప్పినావా నువ్వు?"

"అడిగినావా నువ్వు?"

"ఎనభై తొమ్మిది" అన్నాను.

"రేకెత్తు వదినా, తర్వాత తిట్టుకుందాం" అంది అత్త.

వెలుగు కదిలింది. గోడ మీద పైకి పాకింది, చాపలో సగం వెంటిలేటరు పై అంచు తగిలి మాయమైంది. మిగిలింది పీట వెడల్పు. అంకె ఎనభై తొమ్మిది దగ్గరే నిలబడింది. పలక మీదికి వంగాను. ఎనభై ఎనిమిది. ఎనభై అయిదు. గాలి తలుపు కదల్లేదు.

"చాలు పెద్దమ్మా, అట్లనే పట్టుకో" అని అరిచాను.

"నువ్వు చెప్పేదేంది, ఆమె చెప్పనీ."

"చాలు వదినా" అంది అత్త. కూర్చుంది. మద్దిలేటి అద్దం బిగించాడు. నేను మంచం తలవైపు జరిపి, మోకాళ్ళ కింద దిండ్లు ఎత్తుగా పెట్టాను. పీటంత వెలుగు సరిగ్గా ఆ రెండు మోకాళ్ళ మీద పడింది.

ఎండ వాలేదాకా అందరం అంకె చూస్తూ కూర్చున్నాం. అరవైకి దిగాక మళ్ళీ లేవలేదు. నరహరి తన కాగితం మీద వేడికి కారణం రాయాల్సిన చోట కలం ఆపి, నా వైపు చూశాడు.

"ఏమని రాయల్లక్కా?"

"ఎదురు గోడ వెలుగు అని రాయి. అబద్ధం కాదు గదా."

అలాగే రాశాడు. బోనుకు నీడ రేకు ఒకటి బిగించమని కూడా కింద చేర్చాడు. కుర్చీ ఖాళీగా మెట్లు దిగింది. రౌటరులో పెట్టిన నియమం నేను తీసెయ్యలేదు. రోజూ మధ్యాహ్నం ఒకసారి పేజీ చూసి అంకె రాసుకుంటాను.

వీధి తలుపులు తెరిచాక లింగమ్మ వచ్చింది. రెండు చేతులూ మోచేతుల దాకా కందిపోయి ఉన్నాయి. మా గడప దాటి ఆరేండ్లయింది కాబట్టి ఎటు కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్త ఆమెను చూడలేదు, ఆమె అత్తను చూడలేదు. నేను రొట్టెల పిండి కలుపుతున్నాను.

లింగమ్మ నా వైపు తిరిగింది. "దగ్గు తగ్గిందా చౌడీ?"

నేను నోరు తెరిచేలోపల మంచం మీది నుంచి అత్త అంది.

"దగ్గు దానికి కాదు, నాకు. నన్నడుగు."